ఆనకట్ట చాలునా? కాలువలు వలదా?
గుణదల యువజనుల సభలో క్వాంటమ్ గణనశాస్త్రమును గూర్చి చేసిన యుపన్యాసము



క్వాంటమ్ యంత్రమును గూర్చి మాటలాడుమని నేడు మీరొక న్యాయవాదిని పిలిచితిరి. శాస్త్రజ్ఞుడు పలుకవలసిన చోట ప్లీడరు నిలిచెనేమని మీలో కొందఱు నవ్వుకొనుచుండవచ్చును. ఆ నవ్వు న్యాయమైనదే. కాని యొక్క మనవి. ఈ వ్యవహారమునందు శాస్త్రమెంత కలదో ఒడంబడికయు నంత కలదు. యంత్రమెవరిది, నేల యెవరిది, విద్య యెవరిది, ఫలమెవరిది యను ప్రశ్నలు ప్రయోగశాలలో తేలునవి కావు. పౌరుల సభలలో తేలవలసినవి. ఆ పాలు మాత్రము మాటలాడుటకు నాకు గొంత చొరవ కలదని తలచి వచ్చితిని.

మొదట జరిగిన సంగతులను వరుసగ జెప్పెదను. 2023 ఏప్రిల్ 19వ తేదీని కేంద్రమంత్రివర్గము జాతీయ క్వాంటమ్ మిషనునకు 6,003.65 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. అది 2031వ సంవత్సరమువఱకు సాగవలసిన కార్యము. దాని క్రింద నాలుగు కేంద్రము లేర్పడినవి: గణనకు బెంగుళూరు, వార్తాప్రసారమునకు మద్రాసు, సూక్ష్మమాపనమునకు బొంబాయి, పదార్థములకును పరికరములకును ఢిల్లీ. ఈ నాలుగింట నొక్కటియు తెలుగునేలమీద లేదు. పిమ్మట 2025 మే నెలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమును, అమెరికా దేశపు ఐ.బి.యం. సంస్థయు, మన దేశపు టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్, లార్సెన్ అండ్ టూబ్రో సంస్థలును గూడి అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ యను విజ్ఞానవాటికను నెలకొల్పుదుమని ప్రకటించినవి. 156 క్యూబిట్టుల హెరాన్ ప్రాసెసరు గల ఐ.బి.యం. సిస్టమ్ టూ యంత్రమును అందు నిలుపుదుమనిరి. ఆ యేట జూన్ 30వ తేదీని మన విజయవాడలోనే విద్వాంసులు, వర్తకులు, అధికారులు సదస్సుగ గూడిరి. జూలైలో అమరావతి క్వాంటమ్ ప్రకటన వెలువడెను. ఇంతవఱకు సంతోషమే. కృష్ణకు ఆవలిగట్టున జరుగబోవు కార్యమునకు ఈవలిగట్టున నున్న మనము పరాయివారముగ నుండరాదు.

ఇక నీ యంత్రమేమి? మామూలు కంప్యూటరులో ప్రతి యంకస్థానమును సున్నగనో యొకటిగనో యుండును. దీపము వెలిగియైన నుండును, ఆఱియైన నుండును. మూడవ స్థితి లేదు. క్యూబిట్టనబడు నది యట్లు కాదు. అది యీ రెండు స్థితుల కలయికలో నుండగలదు. అనేక క్యూబిట్టులు విడదీయరాని పొత్తులో నుండగలవు. అయితే కొలిచిచూచినంతనే యా కలయిక చెదరి సున్నయో యొకటియో మిగులును. కావున నీ యంత్రము సమాధానము లన్నిటిని ఒక్కసారిగ చూచి మనకు చెప్పివైచునని కొందఱు వ్రాయు వ్రాతలు నమ్మదగినవి కావు. నేర్పు వేఱొక చోట నున్నది. మన రైవసు కాలువలో రెండు రాళ్లు వైచి చూడుడు. రెండు వైపులనుండి వచ్చు నలలు కొన్ని చోట్ల గలసి పెద్దవగును. కొన్ని చోట్ల నొకదాని నొకటి మ్రింగివైచుకొనును. అట్లే తప్పు సమాధానములు ఒకదాని నొకటి కొట్టివైచుకొనునట్లును, ఒప్పు సమాధానము బలపడునట్లును లెక్కను నడిపించుటయే యీ కళ. ఆ నేర్పు కుదిరిన లెక్కలు కొన్ని కలవు. కుదరనివి మఱి యనేకము కలవు.

1981లో రిచర్డ్ ఫైన్‌మన్ అను భౌతికశాస్త్రవేత్త, ప్రకృతి క్వాంటమ్ ధర్మములతో నడచుచుండగా దానిని లెక్కించు యంత్రమును ఆ ధర్మములతోనే నడువవలదా యని ప్రశ్నించెను. 1994లో పీటర్ షోర్ అను గణితజ్ఞుడు పెద్ద సంఖ్యలను గుణకములుగ విడదీయుట కట్టి యంత్రమున నొక సులభమార్గమును జూపెను. నేటి బ్యాంకుల రహస్యలేఖనములలో ననేకము ఆ విడదీయుట కష్టమను నమ్మకముమీదనే నిలిచియున్నవి. యంత్రముయొక్క మూలము మఱియు పూర్వపుది. 1984, 85 సంవత్సరములలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున క్లార్క్, డెవోరే, మార్టినిస్ అను మువ్వురు, చేతబట్టుకొనదగిన విద్యుద్వలయము సైతము అణువువలె క్వాంటమ్ ధర్మములను పాటింపగలదని ప్రయోగముచే నిరూపించిరి. ఆ ప్రయోగమునకు 2025లో నోబెలు బహుమానము వచ్చినది. ఒక విశ్వవిద్యాలయపు గదిలో గురుశిష్యులు లాభాపేక్ష లేక చేసిన పని నలుబదియేండ్లకు మహాసంస్థలకు వర్తకమైనది. పరిశోధనకును పరిశ్రమకును గల సంబంధము ఇదియే. పరిశోధన విత్తనము, పరిశ్రమ పంట. విత్తనమును కొనితెచ్చుకొనువాడు ఏటేట కొనుచునే యుండవలయును.

ఈ శాస్త్రము మనకు క్రొత్తదియు గాదు. 1924లో ఢాకానుండి సత్యేంద్రనాథ బోసు వ్రాసిన వ్యాసము దీని పునాదిరాళ్లలో నొకటి. ఇచ్చటికి కూతవేటు దూరమన దగిన ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతముగారు కలకత్తాలో రామనుగారి కడ పనిచేసి, ఆంధ్రవిశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము బోధించి, తరువాత బెంగుళూరు విజ్ఞానసంస్థకు అధ్యక్షులైరి. వెంకటరాయుడుగారితో గూడి వారు సమూహసిద్ధాంతమును గూర్చి వ్రాసిన గ్రంథము 1948లో వెలువడెను. ఆ సిద్ధాంతము క్వాంటమ్ శాస్త్రమునకు వ్యాకరణము వంటిది. ఆగిరిపల్లి బిడ్డ ఆ వ్యాకరణమును వ్రాయగలిగినప్పుడు గుణదల బిడ్డ దానిని చదువలేడా?

మఱొక్క సంగతి జ్ఞప్తి చేసెదను. 1926లో ఆంధ్రవిశ్వవిద్యాలయము పుట్టినప్పుడు దాని మొదటి పీఠము మన బెజవాడయే. కొలది యేండ్లకే అది వాల్తేరు తరలిపోయినది. విద్యాపీఠము వచ్చుటయు పోవుటయు మన యూరు చూచినదే. రాతికట్టడము వచ్చినంత మాత్రమున విద్య వచ్చినట్లు గాదు. విద్య మనుష్యులలో వేరు తన్నినప్పుడే వచ్చినట్లు.

ఇచ్చట నా వృత్తిలో నెదురైన యొక చిన్న వ్యవహారమును జెప్పనిండు. ఈ డెల్టాలో నొక బియ్యపుమిల్లు యజమాని ధాన్యమును రంగునుబట్టి యేరు విలువగల యంత్రమును తెప్పించుకొనెను. పంటకాలము నడుమ అది నిలిచిపోయెను. మన మెకానిక్కు వచ్చి చూచి, లోపమెచ్చటనో నాకు తెలియును, పెట్టె విప్పనిండనెను. ఒడంబడిక తీసి చూడగా పెట్టెమీది ముద్ర విప్పినచో అమ్మినవారి బాధ్యత తీఱిపోవునని వ్రాసియుండెను. అమ్మినవారి మనిషి వచ్చుసరికి మూడు వారములు గడచినవి. ధాన్యము తడిసి చెడిపోయెను. కాగితమున సంతకము చేసినది యజమానియే. చదువక చేసినది యజమానియే. నేను దావా వేయలేకపోతిని. ఆనాటినుండి ఏ క్రొత్త యంత్రమును గూర్చి విన్నను నా మనస్సున మొదట మెదలు ప్రశ్న యొక్కటే: పెట్టె విప్పు హక్కు ఎవరికి గలదు?

క్వాంటమ్ యంత్రము బియ్యపు యంత్రము గాదు. దాని హృదయము కేవలశూన్యోష్ణతకు డిగ్రీలో ఇంచుమించు నూఱవ వంతు పైన నుండు చలిలో పనిచేయును. ఆ చలిని పుట్టించుటకు హీలియం వాయువుయొక్క రెండు జాతులు వలయును. అందొకటి మిక్కిలి దుర్లభము. ఇన్ని చేసినను క్యూబిట్టు స్వల్పకాలము మాత్రమే తన స్థితిని నిలుపుకొనును. పిమ్మట తప్పులు దొరలును. నేటి యంత్రములేవియు బ్యాంకుల తాళములను విప్పజాలవు. రైతుకు యూరియా నిచ్చు కర్మాగారము మహాతాపముతోను మహాపీడనముతోను చేయు పనిని నేలలోని సూక్ష్మజీవులు చల్లగ నెట్లు చేయుచున్నవో లెక్కగట్టి తెలిసికొనవలెనని శాస్త్రజ్ఞుల కోరిక. అదియు నింకను సిద్ధింపలేదు. ఈ సత్యమును దాచి, వచ్చే పంటకే ఫలము చేతికి వచ్చునని చెప్పువారు శాస్త్రమునకు మిత్రులు గారు.

అట్లయిన నీ పని యేల యని యడుగువారున్నారు. నిన్నగాక మొన్న నొక పెద్దమనిషి నన్ను నిలవేసి, "బుడమేరుకు గట్టు వేయలేనివారికి క్వాంటమేలనయ్యా?" అనెను. 2024 సెప్టెంబరులో బుడమేరు గండ్లుపడి విజయవాడ పేటలు నీట మునిగినప్పుడు మనలో ననేకులము పడవలలో పాలపొట్లాలు మోసినవారము. ఆ ప్రశ్నలోని వేదనను తక్కువ చేయలేను. క్వాంటమ్ యంత్రము బుడమేరును ఆపదు. గట్టునకు మట్టియు, రాయియు, నిజాయితీయు వలయును. కాని గట్టునకు ధనము లేదు గావున విద్య మానుకొందమనుట తర్కము గాదు. విద్యకు ధనమిచ్చితిమి గావున గట్టు మఱచితిమనుటయు పాలన గాదు. రెండును అడుగు హక్కు పౌరునకు గలదు. రెండును అడుగుదము.

ఇతరదేశములలో నీ కార్యమెట్లు సాగినదో చూతము. ఫిన్లాండు మన కృష్ణా, గుంటూరు మండలములకన్న తక్కువ జనము గల చిన్న దేశము. జనసంఖ్య యఱువది లక్షలకు లోపు. 1960 దశకమున హెల్సింకిలో అతిశీతలశాస్త్రమున కొక ప్రయోగశాల నెలకొల్పిరి. క్వాంటమ్ యంత్రమను మాట అప్పటికి లేదు. దశాబ్దములు గడచినవి. ఆ విద్యాసంప్రదాయమునుండి 2008లో బ్లూఫోర్స్ అను సంస్థ పుట్టినది. నేడు లోకమందలి క్వాంటమ్ ప్రయోగశాలలు దాని శీతలయంత్రములను కొనుచున్నవి. 2018లో ఐ.క్యూ.ఎం. అను మఱొక సంస్థ పుట్టినది. ఆ దేశపు ప్రభుత్వ పరిశోధనాసంస్థ వి.టి.టి. దానితో గూడి 2021లో 5 క్యూబిట్టుల యంత్రమును, 2023లో 20 క్యూబిట్టుల దానిని, 2025లో 50 క్యూబిట్టుల దానిని నిర్మించెను. గమనింపుడు: వారు మొదటనే పెద్దయంత్రమును తెచ్చుకొనలేదు. చిన్నదానిని తాము కట్టిరి; కట్టుటలో నేర్చిరి; నేర్చి పెద్దది కట్టిరి.

మన దేశమునను అట్టి యుదాహరణము కలదు. 2024 ఆగస్టులో బొంబాయి టాటా మౌలికపరిశోధనాసంస్థయు, పూనాలోని రక్షణపరిశోధనాశాలయు, టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ సంస్థయు గూడి 6 క్యూబిట్టుల ప్రాసెసరును పరీక్షించి నెగ్గించినవి. చిప్పును రూపొందించినది పరిశోధనాసంస్థ. దానిని నడుపు విద్యుత్పరికరములను కూర్చినది రక్షణశాల. దూరమునుండి వాడుకొనుటకు మార్గమేర్పఱచినది వ్యాపారసంస్థ. మూడు చేతులు, ఒక్క పని. 2025 ఏప్రిల్‌లో బెంగుళూరునందలి క్యూపీఐ సంస్థ 25 క్యూబిట్టుల యంత్రమును ప్రకటించెను. 156 యెదుట 6 అల్పమని నవ్వరాదు. ఆ ఆఱు మనవి. వానిని విప్పి చూచుటకు మనకెవరి సెలవును అక్కఱలేదు.

అయిన విదేశయంత్రము వలదందునా? అనను. స్వదేశీ యనగా కవాటములు మూసికొనుట గాదు. ఇచ్చట కృష్ణ సాక్షిగ నొక యుపమానము చెప్పెదను. 1855లో బెజవాడ యానకట్ట ముగిసినది. దానిని తలపెట్టినది దొరలు; లెక్క వారిది, ఆదాయమునందలి దృష్టియు వారిది; రాళ్లు మోసిన చేతులు మనవి. ఆనకట్ట నదిని నిలిపినది. కాని ఆనకట్ట యొక్కటియే డెల్టాకు అన్నము పెట్టినదా? కాలువ త్రవ్విరి, కాలువనుండి పిల్లకాలువ, పిల్లకాలువనుండి బోదె, బోదెనుండి మడి. నీరు మడికి దిగిననాడు గదా కఱవు తొలగినది! కాలువలు లేని యానకట్ట చూచువారికి వేడుక, చేపలకు చెఱువు. అమరావతిలో నిలుపదలచిన యంత్రము ఆనకట్ట. మంచిదే. కాలువ లెచ్చట? బోదెలెచ్చట? ఇదియే నేటి నా ప్రశ్న. ఆ కాలువలు త్రవ్వుటకు అయిదు కోరికలను మీ ముందుంచుచున్నాను.

మొదటిది: ఒడంబడికలను ప్రజలయెదుట నుంచవలయును. యంత్రమెవరి సొత్తు, ఎంతకాలమునకు, చెడినచో బాగుచేయు నధికారమెవరికి, గడువు తీఱినపిదప ఏమగును అను నాలుగు షరతులను తెలుగున ముద్రించి యియ్యవలయును. వర్తకరహస్యములు వర్తకులవి కావచ్చును; ప్రజాధనపు షరతులు రహస్యములు కాజాలవు.

రెండవది: కాలపు వంతు. కాలువనీటికి ఎగువరైతునకు దిగువరైతునకు వంతులున్నట్లే యంత్రకాలమునకును వంతు లుండవలయును. ఈ వాటికవలన 17 రాష్ట్రములలోని 43 పరిశోధనాకేంద్రములకు యంత్రము అందుబాటగునని ప్రకటించిరి. మంచిదే. అందు మచిలీపట్టణము, నూజివీడు, ఏలూరు కళాశాలల విద్యార్థికి వారమునకెన్ని గంటలో వ్రాతపూర్వకముగ తేలవలయును. వంతు వ్రాయనిచోట దిగువమడి యెండుట రైతుబిడ్డలకు చెప్పనక్కఱలేదు.

మూడవది: ఇచ్చట పుట్టిన యూహపై ఇచ్చటివారికి హక్కు. మన కళాశాలలో మన జీతముమీద నున్న యుపాధ్యాయుడు క్రొత్త యుక్తిని కనుగొన్నచో దాని పేటెంటులో కళాశాలకును, అతనికిని పాలుండవలయును. ఈ వాక్యమును మొదటనే వ్రాయుట సులభము. పదియేండ్ల పిదప కోర్టులో సాధించుట దుర్లభము. ఇది నా వృత్తిరీత్యా చెప్పుచున్న మాట.

నాలుగవది: చేతిపని. ఈ యంత్రమునకు సిద్ధాంతజ్ఞులు పదిమంది చాలునేమో. పనివారు వందలు వలయుదురు. నిర్వాతపు గొట్టములు అతుకువారు, తామ్రఫలకములను వెండ్రుకవాసి తేడా లేక తిరుగలి పట్టువారు, తీగలు కూర్చువారు కావలయును. ఆ యంత్రపు తామ్రఫలకములకు బంగారుపూత పూయుదురు. ఇచ్చటికి దాపుననే ఆటోనగరున్నది. లారీ యెముకలగూటిని కంటితో చూచి కొలత చెప్పు పనివారచ్చట నున్నారు. మచిలీపట్టణమున చిలకలపూడి రోల్డుగోల్డు పనివారు తరతరములుగ రాగిమీద బంగారము నిలుపు విద్యలో నారితేఱినవారు. వారి పని నేడీ యంత్రమునకు వెంటనే పనికివచ్చునని నేననను; శుద్ధత వేఱు, కొలత వేఱు. కాని రెండేండ్ల శిక్షణ యిచ్చినచో ఆ చేయి ఈ పనికి తిరుగదా? 1910లో మచిలీపట్టణమున కోపల్లె హనుమంతరావుగారు, వారి మిత్రులును ఆంధ్రజాతీయకళాశాలను స్థాపించి గ్రంథవిద్యను, చేతిపనిని ఒక్క కప్పుక్రింద నుంచిరి. పరిశోధనకును పరిశ్రమకును పొత్తు అను మాట నేడు విదేశములనుండి నేర్చుకొనుచున్నామని తలచుట మఱపు. మన తాతలు దానిని చేసి చూపిరి.

అయిదవది: భూమి నిచ్చినవారి బిడ్డలకు తొలిపంక్తి. 2015లో 29 గ్రామములవారు 30,000 ఎకరములకు మించిన భూమిని రాజధానికై సమకూర్చిరి. ఏటికి మూడు పంటలు పండు నేల యందు కలదు. భూస్వామికి స్థలము తిరిగివచ్చును. ఆ పొలములలో కూలిచేసి బ్రతికినవారికి పని పోయినది. ఆ కూలివాని బిడ్డ విజ్ఞానవాటికకు కావలివాడుగ మాత్రమే పోయినచో మనము కట్టినది విజ్ఞానవాటిక కాదు, మఱియొక కోట. వారి పిల్లలకు శిక్షణాలయమున స్థలములును వేతనములును ప్రత్యేకింపవలయును.

ప్రభుత్వమును అడుగుటతో మన పని తీఱదు. మనము చేయవలసినది యొకటి యున్నది. దానికి ఏ యంత్రమును అక్కఱలేదు. రేపు బలవంతమైన క్వాంటమ్ యంత్రము వచ్చిననాడు నేటి రహస్యలేఖనములు విడిపోవచ్చును. నేడు దొంగిలించి దాచినవారు ఆనాడు విప్పి చదువుకొందురు. వీలునామాలు, భూమిదస్తావేజులు, రోగుల వివరములు ముప్పదియేండ్లు గుట్టుగ నుండవలసినవి. ఇందుకు విఱుగుడుగ అమెరికా ప్రమాణసంస్థ 2024 ఆగస్టులో మూడు క్రొత్త లేఖనపద్ధతులను ప్రకటించెను. అవి మామూలు కంప్యూటరులమీదనే నడచును. మన సహకారబ్యాంకులలోను, ఆసుపత్రులలోను ఏ పద్ధతి యున్నదో జాబితా వ్రాయుట, మార్చుటకు తోడ్పడుట మన యింజనీరింగు విద్యార్థులు ఈ సంవత్సరమే యారంభింపదగిన దేశసేవ.

మఱియు భాష. 1914లో ఈ బెజవాడలోనే ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమము సంఘరూపము దాల్చినది. నేనా యుద్యమపు చిన్న సేవకుడను. పల్లె పల్లెకు పుస్తకము మోసిన మన పెద్దలు శాస్త్రము ఇంగ్లీషువారి సొత్తని యెన్నడును తలపలేదు. నెలకొక్కసారి ఇచ్చటనే కూడుదము. భౌతికశాస్త్రోపాధ్యాయుడు తెలుగున చెప్పును. ఆటోనగరు మేస్త్రి ప్రశ్నించును. ఇద్దఱకును అర్థమైన మాటను మనము వ్రాసికొందము. పదియేండ్లలో అదియే మన శాస్త్రభాష యగును.

సోదరులారా! ఈ గుణదల కొండమీది మాత సన్నిధికి ఏటేట ఫిబ్రవరిలో లక్షలజనము మతభేదము లేక మ్రొక్కుబడులతో వచ్చుచున్నారు. దేవతయెదుట మ్రొక్కుబడి తగును. యంత్రముకడకు మ్రొక్కుబడితో పోరాదు, ప్రశ్నతో పోవలయును. నే జెప్పిన అయిదు కోరికలను మహజరుగ వ్రాసి తెచ్చితిని. చదివి, తప్పులున్న దిద్ది, సమ్మతమైన సంతకము చేయుడు. నా మిల్లు యజమాని చేసిన తప్పు మీరు చేయవలదు: చదువక సంతకము పెట్టవలదు.